ల్యాప్‌టాప్‌లో బానే ఉంది, రాస్ప్‌బెర్రీ పైలో చెత్త వాల్యూ వస్తంది – సమాధానం

తమ్ముడూ, నీ సీ ప్లస్ ప్లస్ కోడ్ చూసాను, ఒక థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనుల్లో ఒకటి) డేటా రాసి, డేటా సిద్ధం అని చెప్పే రెడీ ఫ్లాగ్‌ని రిలాక్స్‌డ్ అనే మెమరీ ఆర్డర్‌లో ట్రూ చేస్తంది, రెండోది కూడా రిలాక్స్‌డ్‌లోనే ఫ్లాగ్ చూసి డేటా చదివేస్తంది, అక్కడే తేడా కొట్టింది. రిలాక్స్‌డ్ అంటే ఆ ఒక్క వేరియబుల్ వరకే అటామిక్ (సగంలో తెగకుండా ఒకే దెబ్బకి జరిగేది), పక్కనున్న డేటా ముందు కనబడాలన్న గ్యారంటీ ఏటీ లేదు. పార్సిల్ విజయనగరం కాంప్లెక్స్‌లో బస్సెక్కకముందే పాలకొండకి ఫోన్ కొట్టి వచ్చేసింది తీసుకో అన్నట్టు. నీ ల్యాప్‌టాప్‌లోని ఇంటెల్‌లో ఎందుకు బయటపడలేదంటే ఆ ఎక్స్86 రకం ప్రాసెసర్ రెండు స్టోర్ల, అంటే మెమరీలో రాతల, వరస మార్చదు, రాస్ప్‌బెర్రీ పైలోని ఆర్మ్ ప్రాసెసర్ మార్చేస్తాది (కోడ్‌ని మెషిన్ భాషలోకి మార్చే కంపైలర్ అయితే ఎక్కడైనా మార్చొచ్చు, అది వేరే గోల).

ఫ్లాగ్ స్టోర్‌కి రిలీజ్ (దీనికి ముందు రాసినవి ముందే కనబడాల), ఫ్లాగ్ లోడ్‌కి, అంటే చదివేదానికి, అక్వైర్ (దీని తర్వాత చదివేవి తర్వాతే జరగాల) పెట్టు, రెండూ పెట్టాల, ఒకటే పెడితే లాభం లేదు. వేరియబుల్‌కి వోలటైల్ అనే కీవర్డ్ పెట్టమన్నోళ్ళ మాట వినకు, సీ ప్లస్ ప్లస్‌లో అది ఈ పనికి కాదు. మరీ డౌటుంటే ఆర్డర్ ఏటీ రాయకుండా వదిలేయ్, డిఫాల్ట్ సీక్వెన్షియల్లీ కన్సిస్టెంటే (అన్నిటికంటే కఠినమైన ఆర్డర్), కొంచెం స్లో అవ్వొచ్చు అంతే.