పింఛను డబ్బు గురించి, కాకినాడ గది గురించి

చిరంజీవి చిన్నబ్బాయిని పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ప్రమాదం తరువాత చక్రాల కుర్చీలో ఉన్న నీవు కాకినాడలో గది అద్దెకు తీసుకుని బ్యాంకు పరీక్షల కోచింగులో చేరబోతున్నావనీ, నెలనెలా వచ్చే పదిహేను వేల పింఛనుతోనే అద్దె, భోజనం, సహాయకుడి జీతం అన్నీ గడుపుకుంటానంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. సగం దిగులు, సగం గర్వం. ఏది ఎక్కువో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు 2016 చట్టం నాలుగు శాతం రిజర్వేషను ఇచ్చింది కనుక నీ ఆలోచన గాలిలో మేడ కాదని నాకు తెలుసు. కానీ ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని, నడుము విరిగిన తమ్ముణ్ణి ఇంట్లో ఉంచి చూసుకున్నదాన్ని. చెప్పవలసినవి చెప్పకుండా ఆశీర్వదించి ఊరుకోవడం నావల్ల కాదు.

కాగితాల సంగతి ముందు ముగిస్తాను. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టు, వికలాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ), ప్రమాదం నాటి డిశ్చార్జి సమ్మరీ, ఎమ్మారై రిపోర్టు అసలు ప్రతులను ఒకే ఫైలులో పెట్టి, ఫోనులో ఫొటోలు కూడా తీసి ఉంచుకో. ఊరు వదిలే ముందే మన గ్రామ సచివాలయంలో పింఛను బదిలీకి దరఖాస్తు పెట్టు. అది పూర్తి కాకముందు ఒకటో తారీఖున ఇంటి దగ్గర ఉండలేకపోతే, రెండు నెలలవీ కలిపి మూడో నెలలో ఇస్తారు. ఆ మూడో నెలను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ దాటనీయకు.

ఇక తిట్టవలసిన విషయం. పాత మూడు చక్రాల స్కూటరు ఒకటి వాయిదాల మీద కొంటానని నీవు ఎవరికో మాట ఇచ్చావట. నీలా చక్రాల కుర్చీకో మంచానికో పరిమితమైన వాళ్ళకు ఐదు వేలుగా ఉన్న పింఛను 2024 జూలై నుంచి పదిహేను వేలైంది. మిగతా వికలాంగులకు ఆరు వేలే. 2025లో వికలాంగ పింఛనుల అర్హతను మళ్ళీ పరిశీలించడం మొదలైనప్పుడు వైద్య పరీక్షలకు రమ్మని నోటీసులు అందుకున్న వాళ్ళ ముఖాలు నేను దగ్గరగా చూశాను. పెరిగిన పింఛను తగ్గవచ్చు; రాసిన వాయిదా మాత్రం తగ్గదు. బండి కావాలంటే వికలాంగుల సంక్షేమ శాఖ ప్రకటన వచ్చినప్పుడు దరఖాస్తు పెట్టు, అంతవరకూ ఆటోలో వెళ్ళు. పింఛనును తాకట్టు పెట్టినట్టుగా చేసే ఏ అప్పూ నీకు వద్దు నాయనా.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నది మీ మామయ్య ఇంటి సంగతి. నీకు ఊహ తెలిసేనాటికే వాడు మంచం దిగడం మానేశాడు కనుక, అలా ఎందుకయిందో నీకు ఎవరూ చెప్పి ఉండరు. కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీద నుంచి పడ్డాక వాణ్ణి వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. అక్కడ 1966లో పునరావాస కేంద్రాన్ని ప్రారంభించిన డాక్టర్ మేరీ వర్గీస్ గారు తామే రోడ్డు ప్రమాదంలో నడుము కింద భాగం చచ్చుబడి, చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేసిన మనిషి అని చెబితే, మామయ్య ఆ మాటను పదేపదే చెప్పించుకుని విన్నాడు. వాడు అక్కడి నుంచి కుర్చీ నడపడం, మంచం మీది నుంచి కుర్చీలోకి తనంత తానుగా జరగడం, కాథెటరు, అంటే మూత్రం బయటికి తీసే సన్నని గొట్టం, తానే వేసుకోవడం నేర్చుకుని వచ్చాడు. వచ్చేటప్పుడు ఫిజియోథెరపిస్టు ఒక కాగితం మీద ఇంటి కొలతలు గీసి ఇచ్చారు: తలుపులు మూడడుగులు ఉండాలి, గడపలు ఉండకూడదు, అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవున ఏటవాలు దారి ఉండాలి.

ఖర్చుల కోసం వాడి వాటాకు వచ్చిన కొబ్బరితోట అమ్మాము. ఆ డబ్బుతో మీ తాతగారు పక్కా ఇల్లు కట్టించారు, వాడి పేరుమీదే కట్టించారు, అందులో స్వార్థం రవ్వంత కూడా లేదు. అయితే 1986 వరదలో గోదావరి నీళ్ళు పాత ఇంట్లోకి వచ్చిన సంగతి ఆయన మరిచిపోలేదు. అందుకని అరుగును మూడడుగుల ఎత్తున లేపించారు. ఆ కాగితం ప్రకారం అంత ఎత్తుకు ముప్పై ఆరు అడుగుల ఏటవాలు దారి కావాలి. వాకిలి అంత పొడవు లేదు. మెట్లు కట్టారు. సింహద్వారానికి టేకు గడప పెట్టి, పసుపు పూసి, కుంకుమ పెట్టారు. స్నానాల గదికి మేస్త్రీ అలవాటు ప్రకారం రెండడుగుల తలుపు పెట్టాడు; కుర్చీ వెడల్పు, చక్రాలతో కలిపి, అంతకంటే కొంచెం ఎక్కువ. గృహప్రవేశం నాడు నలుగురు మనుషులు వాణ్ణి కుర్చీతో సహా మోసి లోపల దించారు, అందరూ చప్పట్లు కొట్టారు. బయటికి రావడానికి కూడా నలుగురు కావాలని ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

రోజూ పొద్దున వాణ్ణి ఒక ప్లాస్టిక్ స్టూలు మీదికి మార్చి, స్నానాల గది గడప దాటించి లోపలికి లాగేవారు. స్పర్శ లేని చోట చర్మం ఒరుసుకుపోతే మనిషికి తెలియదు. నేను సెలవుకు వచ్చినప్పుడు వాడి వెన్ను చివర రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ కనిపించింది. వేలితో నొక్కి వదిలితే మామూలు చర్మం ఒక్క క్షణం తెల్లబడి మళ్ళీ ఎర్రబడుతుంది, ఇది తెల్లబడలేదు. బోర్లా పడుకోబెట్టి, ఆ మచ్చ మానేవరకూ కూర్చోబెట్టవద్దని గట్టిగా చెప్పి వెళ్ళాను. ఇంట్లో పెళ్ళి పనులు నడుస్తున్నాయి. చుట్టాలొస్తే కూర్చోక తప్పదని కూర్చోబెట్టారు. పుండు ఎముకదాకా దిగింది, వాడు ఆసుపత్రిలో నెలల తరబడి బోర్లా పడుకున్నాడు, వేలూరులో తెచ్చుకున్న భుజాల బలమంతా అక్కడే పోయింది. తిరిగి వచ్చాక స్నానాల గది గోడ పగలగొట్టి తలుపు వెడల్పు చేయడానికి మేస్త్రీకి పట్టినది ఒక్క రోజు. చివరికి వాడు మూత్రపిండాలు చెడిపోయి పోయాడు. డబ్బు ఖర్చయింది, ఇల్లు నిలిచింది. ఆ ఇంట్లో వాడు తనంత తానుగా వెళ్ళగలిగిన చోటు మాత్రం ఒక్కటీ లేదు.

అందుచేత గది చూడబోయేటప్పుడు అద్దె ఎంతని అడగకముందే టేపు తీసి తలుపులు కొలువు, ముఖ్యంగా స్నానాల గది తలుపు. మూడడుగులు దొరకకపోవచ్చు, నీ కుర్చీ, దాని చక్రాలు తిప్పే నీ చేతులు, ఒరుసుకోకుండా పట్టాలి. గడప ఉంటే ఇంటివారిని అడిగి చెక్కబల్ల వేయించుకో. ఇలాంటి గది కోసం అద్దె వెయ్యి రూపాయలు ఎక్కువైనా అది దుబారా కాదు. కోచింగు సెంటరులో కూడా ఫీజు కట్టకముందు మరుగుదొడ్డి చూడు. అక్కడికి వెళ్ళే దారి లేక, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగడం మానేసి చదువుకున్న పిల్లలను వార్డులో జ్వరంతో చూశాను, అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

ఒకటో తారీఖున డబ్బు చేతికి రాగానే మొదట కాథెటర్లు, జెల్లీ, చేతి తొడుగులు నెలకు సరిపడా కొని అలమరలో పెట్టు. డబ్బు తగ్గిన నెలలో వాడినదే మళ్ళీ వాడడం మొదలవుతుంది, జ్వరం అక్కడే పుడుతుంది. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి కాథెటరు వేసుకోవడం తప్పించకు. రెండోది కుషను. మంచి గాలి గదుల కుషను వేలల్లో ఉంటుంది కనుక నెలకు వెయ్యి చొప్పున విడిగా వేసి కొనుక్కో. మధ్యలో రంధ్రం ఉండే రబ్బరు ట్యూబు ఎవరు ఉచితంగా ఇచ్చినా కూర్చోవద్దు, అది చుట్టూ రక్తాన్ని ఆపుతుంది. కుర్చీ మాత్రం పింఛనుతో కొనకు. వికలాంగులకు ఉపకరణాలిచ్చే ఎడిప్ పథకం శిబిరాల్లో కేంద్రం ఇస్తుంది. కానీ తుంటి వెడల్పు కొలిపించుకోకుండా తీసుకోవద్దు. రాత్రి పడుకోబోయే ముందు చేతి అద్దంతో వెనుక భాగం చూసుకో. చదువుతూ కూర్చున్నప్పుడు అరగంటకోసారి చేతుల మీద లేచి కాసేపు ఆగు. ఈ రెంటికీ పైసా ఖర్చు లేదు, అందుకే అందరూ మరిచిపోతారు.

సహాయకుడి విషయంలో నీవు అతన్ని స్నేహితుడిలా చూసుకుంటానన్నావట. చూసుకో, సంతోషమే. అయితే ఏ పనులు, ఏ వేళల్లో, వారంలో సెలవు ఎప్పుడు, జీతం ఎంత అన్నవి మొదటి రోజే మాట్లాడుకుని, జీతాన్ని బ్యాంకు ఖాతాలోనే వెయ్యి. ఏటీఎం పిన్ను, ఓటీపీ చెప్పవద్దు. అతను ఊరికి వెళ్ళిన రోజున రాగల మరో మనిషికి ముందుగానే పని నేర్పి ఉంచు. ఒక్క మనిషి మీదే ఆధారపడితే అతని అలసటకు కూడా నీవు భయపడవలసి వస్తుంది. నిన్ను ఎత్తే పద్ధతి నీవే చెప్పి చేయించుకో. మొహమాటపడి లాగనివ్వకు.

మీ అమ్మ, పింఛనులోంచి నెలకు మూడు వేలు మీ చెల్లి పెళ్ళికని చీటీలో వేద్దామంటోంది. కాదనడం నీకు కష్టమని నాకు తెలుసు. ఆ మాట నీవు అనవద్దు, నేనే దానితో మాట్లాడతాను. ఇంటి అవసరం అబద్ధం కాదు, అయినా ఈ డబ్బు నీ శరీరం పేరున వచ్చినది, ముందు దానికే చెందాలి.

గది కుదిరాక దాని తలుపుల కొలతలు, కోచింగు సెంటరు మరుగుదొడ్డి ఎలా ఉందో, ఇద్దరు సహాయకుల పేర్లు, ఫోను నంబర్లు నాకు వ్రాయి. స్కూటరు బేరం రద్దు చేసుకున్నావో లేదో కూడా వ్రాయి. బయానా పోతే పోయింది, అది నేను ఇస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ