పాత కారు: మీ ప్రశ్న, నా జవాబు

ప్రశ్న: మా నాన్నగారి మోరిస్ మైనర్ 1000 పద్దెనిమిదేళ్లుగా షెడ్డులోనే ఉంది. ఇంజన్ పట్టేసింది, అంగుళం కూడా కదలడం లేదు. పాత కార్ల సరదా ఉన్నవాళ్లని నలుగురిని అడిగాను. టాప్ గేర్లో వేసి ఇంకో బండితో లాగిస్తే వదిలేస్తుందని ఒకాయన అన్నారు. ఇంజన్ దించి మొత్తం విప్పమని ఇంకొకరు అన్నారు. ఎవరి మాట వినమంటారు?
— ఒక పాఠకురాలు

జవాబు: లాగించకండమ్మా. ముందు ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి, మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

మొదట్లో నేనూ ఓ బండిని అలాగే లాగించాను. ఇంజన్ కదిలింది, అందరం సంబరపడ్డాం. నెల తిరక్కుండా సైలెన్సర్ నుంచి నీలం పొగ. హెడ్ విప్పి చూస్తే మూడో సిలిండర్ గోడ మీద పైనుంచి కిందకి ఒక గీత. దాని మీద గోరు అడ్డంగా ఆడిస్తే టక్కున ఆగింది. గోరు ఆగిందంటే ఆ గీత ఇక చమురుతో పోయేది కాదు, బోర్ చేయించాల్సిందే, అంటే సిలిండర్ గోడని లోపల కాస్త చెక్కించి నునుపు చేయించాలి. పిస్టన్ రింగు తుప్పుతో గోడకి అతుక్కుపోయి ఉంది. బండిని లాగేసరికి రింగు విరిగి, ఆ ముక్క గోడని చీరేసింది. వారం రోజుల ఓపిక ఉండుంటే అది మామూలుగానే వదిలేది.

ఆ వారంలో మీరు చేయాల్సింది ఇదీ. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఏది ఏ సిలిండర్‌దో తెలిసేలా వరసగా పెట్టుకోండి. ఎసిటోన్, ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ సమపాళ్లలో కలిపి ఒక్కో సిలిండర్లో రెండు మూడు చెంచాలు పోయండి. ఎసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, కాబట్టి తలుపులు తీసి ఉంచండి, బ్యాటరీ తీసేయండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. రోజూ చూసి, ఇంకిపోతే మళ్లీ పోయండి. అయిదారు రోజులయ్యాక గేరు న్యూట్రల్లో పెట్టి, ముందు బంపర్ కన్నంలోంచి హ్యాండిల్ దూర్చి మెల్లగా అటూ ఇటూ ఊపండి. తిప్పాలని చూడొద్దు, ఊపితే చాలు. వెంట్రుకవాసి కదిలినా పని అయినట్టే, ఇంకో రెండు రోజులు నాననివ్వండి.

అది తిరిగాక కూడా వెంటనే సెల్ఫ్ కొట్టకండి. ఇంజన్ మీద వాల్వుల్ని కప్పి ఉండే రాకర్ కవర్ తీసి, మీరు చేత్తో తిప్పుతుంటే వాల్వులు ఎనిమిదీ పైకీ కిందకీ ఆడుతున్నాయో లేదో పక్కన ఒకరిని చూడమనండి. ఏదైనా వాల్వు ఇరుక్కుని ఉంటే దాన్ని కదిలించే కడ్డీ, అదే పుష్‌రాడ్, వంగిపోతుంది. ఇంజన్ ఆయిల్ మార్చండి. ట్యాంకులోని పాత పెట్రోల్ వార్నిష్ వాసన వేస్తుంటుంది, దాన్ని పూర్తిగా దింపేయండి. తర్వాత ప్లగ్గులు పెట్టకుండానే ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్‌తో తిప్పి, అప్పుడు ప్లగ్గులు బిగించండి.

ఇంజన్ దించమన్నాయన మాటా తప్పు కాదు. నానబెట్టినా వదలకపోతే అంతేగా. కాకపోతే మొదటి రోజే మొత్తం విప్పేసి, ఏడాది తర్వాత డబ్బాల నిండా నట్లు పెట్టుకుని కూర్చున్నవాళ్లని చాలామందిని చూశాను. నా మొదటి బండి అలా డబ్బాల్లోకి వెళ్లినప్పుడు ఒక పెద్దాయన మూడు ఆదివారాలు వరసగా వచ్చి, ఒక్కో బోల్టూ వేళ్ల మధ్య దొర్లించి చూస్తూ ‘ఇది వాటర్ పంపుది, ఇది గేర్‌బాక్స్‌ది’ అని విడదీసి పెట్టారు. ఈ పనిలో తోటివాళ్ల సాయమంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది.

మీరు అడిగిన అసలు ప్రశ్నకి వస్తాను. ఎవరి మాట వినాలన్నది మీరు ఎలా అడిగారన్నదాన్ని బట్టి ఉంటుంది. ‘మైనర్ పట్టేసింది, ఏం చేయను?’ అంటే ఎవరికి వాళ్లు తమ బండిని తలుచుకుని చెబుతారు. 1948లో వచ్చిన మైనర్‌లో 918 సీసీ సైడ్‌వాల్వ్ ఇంజన్ ఉండేది. 1952 నుంచి 803 సీసీ, 1956లో మైనర్ 1000తో 948, 1962లో 1098. ఆ చివరి మార్పుతోనే ముందు బ్రేక్ డ్రమ్ములు ఏడు అంగుళాల నుంచి ఎనిమిదికి పెరిగాయి. ‘మైనర్ 1000కి బ్రేక్ షూలు కావాలి’ అని మాత్రం రాస్తే, ఎవరో ప్రేమగా పంపిన ఏడంగుళాలవి మీ ఎనిమిదంగుళాల డ్రమ్ములో పనికిరావు. కాబట్టి ఇంజన్ నంబరు రాయండి. కొలత తీయండి. ఫొటోలో వస్తువు పక్కన స్కేలు పెట్టండి. ఇప్పటిదాకా ఏమేం చేశారో, ఏం జరిగిందో చెప్పండి. చెప్పినాయన్ని కూడా ‘మీరు ఇదే ఇంజన్ మీద చేశారా, తర్వాత ఆ బండి ఎన్నాళ్లు తిరిగింది?’ అని అడగండి. నిజంగా చేసినవాళ్లు ఆ మాటకి నొచ్చుకోరు, ఇంకా ఉత్సాహంగా చెబుతారు.

ప్రశ్న: ఈమధ్యే కొన్న పాత మైనర్‌కి కొత్త బ్యాటరీ వేయించాను. ఇంజన్ నడుస్తోంది కానీ డైనమో ఛార్జింగ్ లేదు. మెకానిక్ డైనమో పోయిందంటున్నాడు.
— పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: డైనమో మార్చే ముందు బానెట్ ఎత్తి చూడండి, బాడీకి బిగించిన వైరు బ్యాటరీలో దేనికి ఉంది? ఆ కార్లు ఫ్యాక్టరీ నుంచి పాజిటివ్ ఎర్త్‌తో, అంటే బ్యాటరీ పాజిటివ్‌ని బాడీకి బిగించి వచ్చాయి. ఇప్పటి బండ్లకి అలవాటుపడిన చెయ్యి నెగటివ్‌ని బాడీకి బిగించేస్తుంది. డైనమోలో మిగిలి ఉండే కొద్దిపాటి అయస్కాంతం ఏ దిక్కున ఉంటే కరెంటు ఆ దిక్కునే పుడుతుంది, బ్యాటరీ తిరగబడితే రెండింటికీ పొసగదు.

పాజిటివ్‌ని మళ్లీ బాడీకి బిగించండి. ఇంజన్ ఆపి, డైనమో మీద ‘ఎఫ్’ అని ఉండే చిన్న టెర్మినల్ నుంచి వైరు తీయండి. బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక వైరు తెచ్చి ఆ టెర్మినల్‌కి రెండు మూడు సార్లు అలా తాకించి తీసేయండి. చిన్న నిప్పురవ్వ వస్తుంది, భయం లేదు. పాత వైరు మళ్లీ పెట్టి స్టార్ట్ చేయండి. చాలా డైనమోలు ఇంతటితోనే బతుకుతాయి. అప్పుడూ రాకపోతే బ్రష్షులు చూడాలి. ఎవరైనా మధ్యలో ట్రాన్సిస్టర్ రేడియో బిగించి ఉంటే మాత్రం, ఎర్త్ మార్చే ముందు దాన్ని విడదీయండి, లేకపోతే కాలిపోతుంది.

ప్రశ్న: బ్రేక్ మాస్టర్ సిలిండర్ విప్పుదామని నేల రేకు తీశాను. నట్లు వచ్చాయి గానీ బోల్టు బయటికి రావడం లేదు. కోసేయమంటారా?
— మరో మైనర్ యజమాని

జవాబు: మీ చేతిలో లోపమేమీ లేదు. మైనర్‌లో ఆ సిలిండర్ డ్రైవర్ కాళ్ల కింద, చాసిస్ కమ్మీలో ఉంటుంది. పక్కనే పోయే టార్షన్ బార్ బోల్టుకి అడ్డం. కొందరు బార్‌ని కాస్త జరుపుతారు, కొందరు బోల్టు కోస్తారు. టార్షన్ బార్ అంటే మెలితిరిగి ఉన్న స్ప్రింగ్, దాంట్లో మనిషి ఎముక విరగ్గొట్టేంత బలం దాగి ఉంటుంది. ముందే ఆ పని చేసినవాళ్లు ఒకరు పక్కన లేకుండా దాని మీద చెయ్యి వేయకండి. దీనికి మాత్రం ఫోన్లో సలహా చాలదు, మనిషే రావాలి.

ఇంకో మాట, ఆ నట్ల మీద మిల్లీమీటర్ పానాలు వాడకండి. అర అంగుళం నట్టు అంటే 12.7 మిల్లీమీటర్లు. పదమూడు నంబరు పానా సరిపోయినట్టే కనిపిస్తుంది, గట్టిగా లాగితే మూలలు గుండ్రం చేసేస్తుంది. అంగుళాల సెట్టు తోటివాళ్లని అడిగి తెచ్చుకున్నా పరవాలేదు.

తిరిగి బిగించేటప్పుడు బోల్టుల్ని రెండో వైపు నుంచి దూర్చండి. తల లోపలికి, నట్టు బార్ వైపుకి వస్తుంది. ఈసారి విప్పాల్సి వస్తే బార్ జోలికి పోనక్కర్లేదు. ఇది నాకు తోచింది కాదు, ఎప్పుడో ఒక బండి కింద నా పక్కన పడుకున్నాయన చూపించింది. మీది పూర్తయ్యాక బోల్టులు ఎటు నుంచి పట్టాయో, ఎంతసేపు పట్టిందో నాకు రాయండి, ఇదే ప్రశ్నతో ఇంకో రెండు ఉత్తరాలు నా బల్ల మీద ఉన్నాయి.