పటమటలో చీరల షాపు: నోటిమాట వాటా, జీఎస్టీ

అండీ, విజయవాడ పటమటలో పెట్టాలనుకుంటున్న చీరల షాపు గురించి మీరు చెప్పిన లెక్క ఇదీ: ఆరు లక్షలు మీవి, కొట్లో కూర్చునేది మీ స్నేహితుడు, లాభం 60-40 అని నోటిమాట, హైదరాబాద్‌కూ కొరియర్‌లో చీరలు, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటాక.

ముందు జీఎస్టీ. ఆ 40 లక్షల పరిమితి ఆంధ్రాలోపలే సరుకు అమ్మేవాళ్లకు. హైదరాబాద్‌కు కొరియర్ అన్నారుగా, మనకు అలవాటైన ఊరే అయినా ఇప్పుడు అది వేరే రాష్ట్రం. మామూలుగా ఒక్క చీర పంపాలన్నా ముందే రిజిస్ట్రేషన్ ఉండాలి. కాంపోజిషన్ స్కీమూ (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) కుదరదు. రిజిస్ట్రేషన్‌కు షాపు చిరునామా రుజువుగా అద్దె అగ్రిమెంటు, ఓనరు కరెంటు బిల్లో ఇంటిపన్ను రసీదో అడుగుతారు. కొందరు ఓనర్లు ఇవ్వరు, అడ్వాన్సు చేతిలో పెట్టకముందే అడగండి.

అసలు ప్రమాదం నోటిమాటే. 60-40 అని రుజువు చేయలేకపోతే 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం లాభం, నష్టం రెండూ చెరిసగం. రాసుకోకపోతే మీ పెట్టుబడికి వడ్డీ రాదు, ఆయనకు జీతమూ రాదు. షాపు పేరున ఆయన సరుకు అప్పు తెస్తే అప్పిచ్చినవాళ్లు మీ సొంత ఆస్తి మీదికీ వస్తారు. అందుకే స్టాంపు పేపరు మీద డీడ్ (భాగస్వామ్య ఒప్పంద పత్రం) రాయించి, ఫర్మ్ (మీ ఇద్దరి భాగస్వామ్య వ్యాపారం) రిజిస్టర్ చేయించండి. లేకపోతే బాకీ ఎగ్గొట్టిన వాళ్ల మీద ఫర్మ్ దావా వేయలేదు. విడిపోతే మిగిలిన స్టాకు ఏ ధరకు లెక్కగట్టాలో (కొన్న ధరా, అమ్మే ధరా) అందులోనే రాయండి. తగాదా ఎక్కువగా అక్కడే.

తర్వాత ఫర్మ్ పాన్, కరెంట్ అకౌంట్. చెక్కుకు ఇద్దరి సంతకాలు పెట్టండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) ఉచితం, ఏజెంటుకు డబ్బులివ్వకండి. ఆరు లక్షలూ స్టాకులో పోయకండి, ఆరు నెలల అద్దె పక్కన పెట్టుకోండి.