ఊరూరా తిరుగుతూ సాయం చేసే హీరోల సీరియళ్లు అమెరికా టీవీలో ఎందుకు తగ్గిపోయాయి?

1960ల్లో ఇవి పెరగడానికి ఒక పెద్ద కారణం వ్యాపారమే. ఏ వారం కథ ఆ వారమే ముగిస్తే, పునఃప్రసారంలో ఎపిసోడ్లను ఏ వరుసలో వేసినా చెల్లుతుంది. 'ది ఫ్యూజిటివ్' (1963–67)లో చేయని హత్యకు శిక్షపడ్డ డాక్టర్ కింబుల్ మారుపేరుతో ఊళ్లు మారుతూ, దొరికిన పని చేసుకుంటూ, ఎవరి కష్టమో తీర్చి మళ్లీ పరుగందుకుంటాడు. 'ది ఇన్‌క్రెడిబుల్ హల్క్' (1977–82)దీ అదే అచ్చు: చాలా ఎపిసోడ్ల చివర, కోపమొస్తే హల్క్ అనే రాక్షసాకారంగా మారిపోయే డాక్టర్ బ్యానర్, సంచి తగిలించుకుని రోడ్డు పక్కన లిఫ్ట్ అడుగుతుంటాడు, వెనక దిగులు పుట్టించే పియానో.

తర్వాత డీవీడీలు, స్ట్రీమింగ్ వచ్చాయి. జనం వరసపెట్టి చూడటం మొదలెట్టాక సీజన్ పొడవునా సాగే కథలకే గిరాకీ. పైగా సెల్‌ఫోన్లు, సీసీ కెమెరాల కాలంలో మారుపేరుతో ఎన్నాళ్లు తిరుగుతాడు? పూర్తిగా పోలేదులెండి. 2022లో మొదలైన 'రీచర్' హీరో కూడా దేశదిమ్మరే. కాకపోతే ఒక్కో గొడవ తేలడానికి అతనికి సీజనంతా పడుతుంది.