కుక్కర్ మూడు కూతలు వేసేలోపు

ప్రశ్న: మేడమ్, మాది తెనాలి దగ్గర పల్లె. నా వయసు 36. నిరుడు మా ఆయనకు బైక్ యాక్సిడెంట్ అయి 11 రోజులు ఐసీయూలో ఉన్నారు. స్త్రీల కూడికలో అరగంటసేపు ప్రార్థన చేసే నాకు, ఆ ఆస్పత్రి వరండాలో ఒక్క మాటా రాలేదు. ‘నీకు విశ్వాసం తక్కువ’ అంది సంఘంలో ఒక అక్క. ఆయన కోలుకున్నారు గానీ, ఇప్పుడు మా అత్తయ్యకు డయాలసిస్ మొదలైంది. మళ్ళీ అలాగే అయిపోతానేమోనని ఒకటే టెన్షన్, నిద్ర పట్టదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థన, 21 రోజుల ఉపవాసం అనుకుని మొదలుపెట్టి ఐదో రోజుకే ఆపేశాను. రాత్రి పని అయ్యేసరికే పదకొండున్నర అవుతుంది. ఇంకో కష్టం వచ్చేలోపు ఎలా సిద్ధపడాలి?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ వరండా సంగతి. అక్కడ మీకు మాట రాకపోవడం విశ్వాసం లేక కాదు. ఎలా ప్రార్థించాలో మనకు తెలియదని అపొస్తలుడైన పౌలే బైబిల్లోని రోమా పత్రిక 8వ అధ్యాయంలో ఒప్పుకున్నాడు. దేవుని ఆత్మ ‘ఉచ్చరింప శక్యముగాని మూలుగులతో’ మన పక్షాన వేడుకుంటాడనీ అక్కడే రాశాడు. ఆ 11 రోజులూ మీరు మూలిగే ఉంటారు, అది లెక్కలోకి వచ్చింది. ఇక ఆ అక్క మాట. ఉన్నదంతా పోగొట్టుకున్న యోబును చూడవచ్చిన స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా అతని పక్కన కూర్చున్నారు. అంతవరకూ బాగానే ఉంది. వాళ్ళు నోరు తెరిచాకే వచ్చింది చిక్కంతా.

అయినా మీరు అడిగింది అడగాల్సిన ప్రశ్నే. కూడికలో మీరు చేసేది అప్పటికప్పుడు అల్లుకునే ప్రార్థన. మన సంఘాల్లో చాలామందికి అదే అసలు ప్రార్థన, కంఠతా వచ్చింది చెబితే చిలక పలుకులని చిన్నచూపు. నాకు మాత్రం ఆ చిన్నచూపు నచ్చదు. మనసు మొద్దుబారినప్పుడు అల్లుకోవడానికి మాటలేవీ దొరకవు, నోటికి వచ్చి ఉన్నవే వస్తాయి. సిలువ మీద యేసు ‘నా దేవా, నా దేవా’ అన్నది 22వ కీర్తన మొదటి మాట. తన ఆత్మను తండ్రి చేతికి అప్పగించినప్పుడు పలికింది 31వ కీర్తనలోది. ప్రాణం పోయే వేళ ఆయన నోటికి వచ్చినవి అవి.

మా అమ్మమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ‘మంచినీళ్ళు’ అనలేక గ్లాసు వైపు చెయ్యి ఊపేది. ఒక సాయంత్రం మా అమ్మ మంచం పక్కన పరలోక ప్రార్థన మొదలుపెడితే, ‘మా అనుదినాహారము’ దగ్గర అమ్మమ్మ అందుకుంది. ఆమేన్ దాకా తడబడలేదు. తర్వాత మళ్ళీ గ్లాసు కోసం చెయ్యి ఊపింది. మాట పోయినవాళ్ళలో చాలామందికి ఏళ్ళ తరబడి వల్లించిన ప్రార్థనలు, పాటలు, అంకెలు మిగిలే ఉంటాయని డాక్టర్లకు తెలుసు. మా అమ్మమ్మకు చదువు రాదు, విని విని నేర్చుకుందంతే.

ఇప్పుడు మీ నాలుగింటి అలారం. పదకొండున్నరకు నడుం వాల్చే మనిషి ఐదు రోజులు లేచిందంటేనే గొప్ప. అది ఆపేయండి. ఉపవాసం కూడా ప్రస్తుతానికి వద్దు. రోగిని చూసుకునే మనిషి కళ్ళు తిరిగి పడిపోతే ఇంట్లో ఇద్దరు రోగులవుతారు. దానియేలు కథ ఇంకోసారి చదవండి. 30 రోజులు రాజుకు తప్ప ఎవరికీ మొక్కకూడదని శాసనం వచ్చింది. అది తెలిసీ ఆయన ఇంటికి వెళ్ళి, యెరూషలేము వైపు కిటికీలు తెరిచి ఉన్న గదిలో రోజుకు మూడుసార్లు మోకరించాడు. మన తెలుగు బైబిల్లో అక్కడ ‘యథాప్రకారముగా’ అని ఉంటుంది. కష్టం వచ్చిందని కొత్తగా ఏదీ మొదలుపెట్టలేదు, ఉన్నదాన్ని ఆపలేదు. తనను బంధించిన గెత్సెమనే రాత్రి యేసు ఒలీవల కొండకు వెళ్ళింది కూడా ‘తన వాడుక చొప్పున’ అని లూకా రాశాడు.

కాబట్టి మీ రోజులో ఎలాగూ ఆగని పని ఒకటి చూసుకోండి. పొద్దున్నే పప్పు కుక్కర్ పెడతారు కదా, అది మూడు కూతలు వేసేలోపు పొయ్యి దగ్గరే నిలబడి 23వ కీర్తన పైకి చెప్పండి. ఆరు వచనాలే. నోటికి రాకపోతే కాగితం మీద రాసి అల్మరా తలుపుకు అంటించండి. నెలకు ఒకటి చాలు. రెండో నెల 121, మూడో నెల 13. ఈ 13 మాత్రం వదలొద్దు. ఇంకెన్నాళ్ళు నన్ను మరచిపోతావని దేవుణ్ణి నిలదీస్తూ మొదలవుతుంది, అదీ ఆరు వచనాలే. ఏడాదికంతటికీ ఒక వాక్యమని జనవరి ఒకటిన మనం తీసుకునే వాగ్దానం కార్డుల మీద అలాంటి మాటలు కనబడవు. 88వ కీర్తనైతే చీకటితోనే ముగుస్తుంది, తేరుకోవడం లేదు. అదీ వాక్యమే. మళ్ళీ అలాంటి వరండాలో కూర్చోవాల్సి వస్తే మీకు పనికొచ్చేవి అవే.

ఒక రోజు తప్పితే తప్పింది. మర్నాడు రెండుసార్లు చెప్పి బాకీ తీర్చాలని చూడకండి, అక్కడే మళ్ళీ అలసట మొదలవుతుంది.

నిద్ర సంగతి ప్రార్థన మీదకే నెట్టకండి. రెండు వారాలైనా ఇలాగే ఉంటే డాక్టరుకు చూపించుకోండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ కౌన్సెలర్లు తెలుగులోనే మాట్లాడతారు. అత్తయ్య డయాలసిస్ ప్రభుత్వ పథకం కింద వస్తుందేమో ఆస్పత్రిలో అడిగి, కార్డు, రిపోర్టులు అన్నీ ఒకే ఫైల్లో పెట్టుకోండి. మీ ఆయన్ని కూడా వారంలో ఒక రోజు ఆస్పత్రి డ్యూటీ తీసుకోమనండి.

మిగతా రోజుల్లో ఆ మిషన్ పక్కన నాలుగు గంటలు మీరు కూర్చోవాలి. ఫోన్ పక్కన పెట్టి, చిన్నప్పుడు సండే స్కూల్లో ఏమేం కంఠతా పట్టారో అత్తయ్యను అడగండి. ఆవిడ చెబుతుంటే మీరు ఒక నోటుబుక్కులో రాసుకోండి.