పైసా లేకుండా స్థలాలు తిప్పొచ్చా? నా అనుభవం

"తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను, 20 ఏళ్లు, అమెరికా వీడియోల్లో చెప్పే హోల్‌సేలింగ్ ఇక్కడ పైసా లేకుండా చేయొచ్చా" అని అడిగావు కదా తమ్ముడూ. చేయొచ్చు, పైసా లేకుండా మాత్రం కాదు. అక్కడ ఇల్లు కొనకుండానే కొనుగోలు ఒప్పందం రాసుకుని, ఆ ఒప్పందాన్ని ఫీజు తీసుకుని ఇంకొకరికి మార్చేస్తారు. మన దగ్గరా అగ్రిమెంటు మీద స్థలాలు తిప్పేవాళ్లు ఎప్పట్నుంచో ఉన్నారు, కాకపోతే అడ్వాన్సు చేతిలో పడందే ఓనరు సంతకం పెట్టడు.

నాకు 22 ఏళ్లప్పుడు మామ దగ్గర 2 లక్షలు అప్పు తెచ్చి, కరకంబాడి రోడ్డు వైపు 50 అంకణాల స్థలానికి అడ్వాన్సు ఇచ్చి, మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాయించుకున్నా. నెల్లూరాయన ఒకాయన రేటుకి ఒప్పుకున్నాడు, ఆ ధైర్యంతో ఇంకో పార్టీని వెతకనే లేదు. తీరా కొలతల రోజున గొడవ. నెల్లూరులో అంకణమంటే 72 చదరపు అడుగులు, మన దగ్గర 36. ఆయన 400 గజాలనుకుని, చవగ్గా వచ్చిందని సంబరపడుతూ వచ్చాడు, ఉన్నది 200. "మిగతా సగం ఏదయ్యా" అని కారెక్కి వెళ్లిపోయాడు. గడువు దాటింది, అడ్వాన్సు పోయింది, అగ్రిమెంటులో అలాగే రాసుంది కాబట్టి ఓనర్ని అనడానికీ లేదు. మామ ఇప్పటికీ నన్ను అంకణం అనే పిలుస్తాడు.

అందుకే ముందు కొనేవాళ్లను పోగుచేసుకో. కొన్నాళ్లు ఒక పాత బ్రోకరు వెనకాల తిరుగు, రేణిగుంట వైపు ఎవరు ఎంతకి అడుగుతున్నారు, చంద్రగిరి వైపు ఎవరు చూస్తున్నారు, అంతా రాసుకో. రెరాలో, అంటే రియల్ ఎస్టేట్‌ను నియంత్రించే సర్కారు సంస్థలో, నమోదైన లేఅవుట్ల ప్లాట్లు అమ్మిపెట్టాలంటే నువ్వూ ఏజెంటుగా నమోదు కావాలి, అది మర్చిపోకు.

అడ్వాన్సుకి ముందు ఈసీ (స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయించు, లింకు డాక్యుమెంట్లు (స్థలం చేతులు మారిన పాత పత్రాలు) చూడు, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్టరు చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో చూడు. డీకేటీ పట్టా భూమి, అంటే సర్కారు పేదలకు పంచిన భూమి, చవగ్గా వస్తుందంటారు, అలాంటి భూముల అమ్మకాన్ని అడ్డుకున్న 1977 నాటి అసైన్డు భూముల చట్టం దగ్గర మొదలయ్యే చిక్కు అది, కొత్తవాడివి దాని జోలికి పోకు. అగ్రిమెంటులో "నా పేరిట గానీ, నేను చూపిన వారి పేరిట గానీ రిజిస్టరు చేయాలి" అన్న మాట ఉండి తీరాలి, ఆ సంగతి ఓనరుకి ముందే నోటితో కూడా చెప్పు, దాచిపెడితే రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర అడ్డం తిరుగుతాడు. ఇంకోటి, కొలత అంకణాల్లో రాసినా పక్కనే గజాల్లో కూడా రాయించు.