దిగబడటం వేరు, కూరుకుపోవడం వేరు

శ్రీకాకుళం

బాబూ,

యుద్ధం ఆటల్లో ట్యాంకులు బురదలో ఆగిపోకుండా ఎలా నడపాలో నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఒకసారి కరెంటు ఉన్నప్పుడు, ఇంకోసారి పోయినప్పుడు ఫోన్ వెలుతుర్లో. 'వ్యూహాత్మక ట్యాంకు క్రీడలలో వాహన నిశ్చలతను నివారించుట' అని పేరు పెట్టావు. పాలకొండ దగ్గర పల్లెలో పుట్టి, ఉభాల రోజుల్లో, అంటే వరినాట్లప్పుడు, దమ్ము చేసిన మడిలో మోకాలి లోతున నడిచినవాడివి కదా, ఈ 'వాహన నిశ్చలత' ఎక్కడ దొరికింది నీకు? మీ ట్రాక్టర్ మడిలో ఆగిపోతే మీ నాన్న ఏమంటాడు? 'దిగబడిపోయిందిరా' అంటాడు. నీ వ్యాసానికి కావలసిన మాట అదే. ఇంకోటి, వ్యూహం వేరు, ఎత్తుగడ వేరు. పది ట్యాంకులతో ఒక ఊరి చివర ఆడే ఆట ఎత్తుగడలది.

మాట పట్టుకుని సాగదీస్తున్నానని అనుకోకు. కంబాట్ మిషన్ లాంటి కంప్యూటర్ యుద్ధం ఆటలో బురదలోకి పోయిన ట్యాంకుకు రెండు దశలున్నాయి. మొదట ఆగుతుంది. లోపలి వాళ్లు ముందుకీ వెనక్కీ లాగి చూస్తారు, ఒక్కోసారి బయటపడుతుంది. పడలేదంటే ఆట అయ్యేదాకా అక్కడే. ఈ రెంటికీ ఆటలో ఉన్న ఇంగ్లిషు మాటల్ని తెలుగు లిపిలోకి దించి ఊరుకున్నావు. మనకు సొంతంగా రెండు మాటలున్నాయి. దిగబడిన బండిని నలుగురు కలిసి తోస్తే వస్తుంది. కూరుకుపోయిన బండికి ఇంకో ట్రాక్టర్, ఇనుప గొలుసు, గట్టు మీద నిలబడి సలహాలిచ్చే అరడజను మంది కావాలి. రెండు గోడల మధ్య ఇరుక్కోవడం మూడోది, దానికి బురదతో పనే లేదు. నువ్వు మూడింటినీ 'చిక్కుకోవడం' అన్నావు. దాంతో ట్యాంకు మీద ఆశ ఎప్పుడు వదులుకోవాలో చదివేవాడికి తెలియకుండా పోయింది.

రెండో పేజీ అంతా కవచం మందాలూ ఫిరంగి కొలతలే. దానికి నిన్ను తిట్టను, నేనూ అక్కడే మొదలయ్యాను. నేను తయారుచేసిన మొదటి మ్యాప్‌లో ఒక ఏరు, అవతల ఒక ఊరు, ఆరు ట్యాంకులు. కవచాల లెక్కలు రాత్రంతా కూర్చుని సరిచూసుకున్నాను. అందం కోసం ఏటి ఒడ్డున బురద కాస్త ధారాళంగా పూశాను. ఆడటానికి వచ్చిన మా బావమరిదికి అయిదో టర్నుకే నాలుగు ట్యాంకులు పోయాయి. శత్రువు ఒక్క గుండు పేల్చలేదు. "బావా, ఇది యుద్ధమా, ఉభాలా?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్పి నవ్విస్తుంటాడు.

ట్యాంకు బరువెక్కువైతే దిగబడుతుంది అని ఒక్క వాక్యంలో తేల్చేశావు చూడు, నీ వ్యాసంలో పెద్ద తప్పు అదే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ల ట్యాంకు షెర్మన్ బరువు సుమారు 30 టన్నులు, జర్మన్ల పాంథర్ 45. మెత్తటి నేల మీద ఏది తేలిగ్గా పోతుంది? షెర్మన్ అనుకుంటాం. కానీ షెర్మన్ గొలుసు పట్టా వెడల్పు 42 సెంటీమీటర్లు, పాంథర్‌ది 66. పైగా పాంథర్ పట్టా నేల మీద ఆనే పొడవు కూడా కాస్త ఎక్కువ. బరువును ఆ వైశాల్యంతో భాగించు. చదరపు సెంటీమీటరుకు షెర్మన్ ఇంచుమించు 1 కిలో మోపుతుంది, పాంథర్ 0.9 లోపే. అరలీటరు తక్కువ పాలు పోసినా పట్టుకునే మీ అమ్మకు ఈ భాగాహారం చెబితే ఇట్టే అర్థమవుతుంది. తొలినాటి రష్యన్ టి-34 అయితే సుమారు 0.7. తర్వాత అమెరికన్లు షెర్మన్ పట్టా అంచులకు అదనపు ఇనుప ముక్కలు తగిలించి వెడల్పు చేసుకున్నారు. మనవాళ్లు దమ్ముకి దిగే ముందు ట్రాక్టర్‌కి కేజ్ వీల్స్ బిగించడం లాంటిదే అది. నీ దగ్గర ఇంత మంచి పోలిక పెట్టుకుని 'పీడన వితరణ' అని రాశావేమిటి నాయనా?

జర్మన్ల టైగర్ కథ కూడా ఇక్కడ పనికొస్తుంది. 57 టన్నుల ఆ ట్యాంకుకు రెండు జతల పట్టాలు ఉండేవి. రైలెక్కించేటప్పుడు 52 సెంటీమీటర్లవి, యుద్ధానికి 72.5 సెంటీమీటర్లవి. 1942లో దాన్ని మొదటిసారి దింపింది లెనిన్‌గ్రాడ్ దగ్గర చిత్తడి నేలలో. వెడల్పు పట్టాలు వేసినా ఆ నేల దాన్ని నిలబెట్టలేదు. రష్యన్ ట్యాంకుల పక్కన కట్టి ఉండే దుంగ ఫోటోల్లో చూసే ఉంటావు. దిగబడితే పట్టాల కింద వేసుకోవడానికి అది. నాగావళి ఇసుకలో బండి దిగితే చక్రాల కింద కొమ్మలు పరిచినట్టే.

మన దేశపు ఉదాహరణ ఒక్కటి కూడా ఇవ్వలేదని అలిగాను. 1965 సెప్టెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధంలో, పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ దగ్గర, అసల్ ఉత్తర్‌లో జరిగింది చదువు. మనవాళ్లు చెరకు తోటల మాటున గుర్రపు నాడా ఆకారంలో కాచుకున్నారు. పొలాలకు నీళ్లు వదిలారు. 40 టన్నులు దాటిన పాకిస్తాన్ పాటన్ ట్యాంకులు ఆ మెత్తటి నేలలో నెమ్మదించాయి, కొన్ని దిగబడ్డాయి, మన ఫిరంగుల ముందు నిలిచిపోయాయి. దీన్ని రాసేటప్పుడు కూలిన ట్యాంకుల లెక్కతో మొదలుపెట్టకు. కాలువ గట్టు తెంచితే నీళ్లు ఎటు పారతాయో చూడటంతో మొదలుపెట్టు. మెరక ఏదో పల్లం ఏదో చూపించావంటే ట్యాంకులు ఎందుకు ఆగాయో పాఠకుడు తనే కనుక్కుంటాడు.

'నెమ్మదిగా నడిపితే దిగబడదు' అని గట్టిగా చెప్పావు. నీకెలా తెలుసు? ఎవరో చెప్పగా విన్నావు. ఇది ఆటగాళ్లు తెగ వాదించుకునే సంగతి. వాదం నీకెందుకు? ఒక మ్యాప్ తీసుకో, అంతా ఒకే రకం బురద పెట్టు, ఒకే రకం ట్యాంకులు పది నిలబెట్టు. పది టర్నులు నెమ్మదిగా నడుపు, మళ్లీ మొదటి నుంచి పది టర్నులు వేగంగా నడుపు. ఎన్ని దిగబడ్డాయో కాగితం మీద రాసుకో. టర్ను ఒక్కటీ ఒక నిమిషమే కదా. ఇలా నాలుగైదుసార్లు చేశాక ఏం కనిపిస్తే అదే రాయి, తేడా లేకపోతే లేదనే రాయి. ఏ ఆట గురించి చెబుతున్నావో కూడా రాయి. బల్ల మీద ఆడే అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్‌లో దీన్ని రెండు పాచికలు తేలుస్తాయి, కంప్యూటర్ ఆటలో లెక్క తెర వెనక జరుగుతుంది. ఒకదాని సూత్రం రెండోదానికి అంటగట్టకూడదు.

నీ వ్యాసంలో నాకు బాగా నచ్చిన వాక్యం నాలుగో పేజీలో అడుగున, బ్రాకెట్లలో దాక్కుంది. 'ఇరుకు బాటలో అన్నిటికన్నా ముందు ట్యాంకు దిగబడితే వెనకవన్నీ దిగబడినట్టే'. ఆ వాక్యాన్ని మొదటి పేజీకి తీసుకురా. చెరకు సీజన్లో సింగిల్ రోడ్డు మీద లోడు ట్రాక్టర్ ఒకటి ఒరిగిపోతే వెనక బస్సులో కూర్చున్నవాడికి ఎంత టెన్షనో రాజాం వైపు తిరిగే ఎవరినడిగినా చెబుతారు. దాని పక్కనే నేను ఎప్పుడూ చూసుకునేది ఒకటి చేర్చు. తప్పనిసరై బురద దాటించాల్సి వస్తే, అక్కడే ఆగిపోయినా ఫిరంగికి ఏదో ఒకటి కనపడే చోటు నుంచి దాటించాలి. కదల్లేని ట్యాంకు కూడా పేల్చగలదు. గుంటలో, పొదల వెనక ఆగిందా, ఇక అది ఇనప్పెట్టె. కంచెలూ కాలవలూ దాటడం గురించి నువ్వు రాసింది బాగానే ఉంది, దాన్ని ముట్టుకోను.

పాచికలు ఎదురు తిరిగితే ఏం చెయ్యాలన్న చివరి భాగం కొట్టేశాను. ఓడిపోయిన కోపంతో రాసినట్టుంది.

ఆ పది ట్యాంకుల పరీక్ష లెక్కలు పూర్తయ్యాక రెండో ప్రతి తీసుకుని ఆదివారం రా. మా వీధిలో పైపుల కోసం తవ్వి సగం పూడ్చి వదిలేశారు, నిన్నటి వానకు పాలబండి దిగబడింది. నీ బండి సందు మొదట్లోనే ఆపి నడిచి రా.

ఆశీస్సులతో,
మీ మాస్టారు